ప్లస్ తోక

అక్క పోయాక బావ ఇల్లు సర్దడం మొదలుపెట్టాడు. అసలే నెమ్మదస్తుడు. ఏడవడం చేతకాక సర్దుతున్నాడని చూసినవాళ్ళకి తెలిసిపోయేది. బట్టలు కావలసినవాళ్ళకి ఇచ్చేశాడు. మూత విప్పని మందులు ఆసుపత్రికి తిరిగిచ్చేశాడు. ఆవిడ ల్యాప్‌టాప్‌ని రిపేరు షాపులో పూర్తిగా తుడిపించి, తన తమ్ముడి కూతురికి చదువుకోమని పంపేశాడు. చివరికి ఎలా సర్దాలో తెలియనిది ఒక్కటే మిగిలింది. అక్క పాఠాలు.

అక్క కాలేజీలో లెక్కలు చెప్పేది. క్లాసులో చెప్పినదంతా ఓపిగ్గా టైపు చేసి, పిల్లలందరికీ అందేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. పరీక్షలు దగ్గరపడితే ఆవిడ ముఖం ఎరగని పిల్లలు కూడా ఆ పాఠాల మీదే పడేవాళ్ళు. ఆ పాత వెబ్‌సైటు నడిపే కంపెనీ దుకాణం కట్టేస్తున్నామనీ, గడువులోపు ఎవరి సరుకు వాళ్ళు తీసుకెళ్ళకపోతే చెరిపేస్తామనీ కబురు పెట్టింది. బావ ఆ కబురు పదిసార్లు చదువుకుని మరదలికి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నువ్వు చేసేది ఈ పనే కదా?"

చెల్లెలు చేసేది ఆ పనే. టైర్ల షాపు మీద గది అద్దెకు తీసుకుని లాడ్జీలకీ, దర్జీలకీ, పళ్ళ డాక్టర్లకీ వెబ్‌సైట్లు కట్టిపెట్టేది. కింద టైర్లలో గాలి కొట్టినప్పుడల్లా పైన గ్లాసులో నీళ్ళు వణికేవి. అక్కకీ ఆమెకీ వయసులో చాలా ఎడం. ఒకే తల్లి పిల్లలే గానీ, అక్క తలలోని లెక్కల్లో చిటికెడు కూడా చెల్లెలికి రాలేదు. కాలేజీలో చేరేటప్పుడు లెక్కల పేరు చెబితే తోక ముడిచి కామర్స్‌లోకి పారిపోయింది.

"ఇదే బావా. నువ్వు పంపించు, నేను చూసుకుంటా," అంది.

పెద్ద పనేం కాదనుకుంది. అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు వండి వడ్డించే రకం వెబ్‌సైటు పాఠాలకి అక్కర్లేదు. పేజీలన్నీ ఒక్కసారే తయారుచేసి పెట్టుకుంటే చాలు, ఎవరొచ్చి ఏ పేజీ అడిగినా ఉన్నది ఉన్నట్టు అందుతుంది. స్టాటిక్ సైటు అంటారు దాన్ని. పాడవడానికి అందులో ఏమీ ఉండదు. పదేళ్ళ తర్వాత చూసినా పెట్టిన చోటే ఉంటుంది. అక్క పాఠాలకి అలాంటిదే కావాలి అనుకుంది.

చిక్కల్లా లెక్కల గుర్తులతో వచ్చింది. అక్క రాసిన ఫైళ్ళలో మామూలు మాటలు మామూలుగానే ఉన్నాయి. లెక్క వచ్చేసరికి మాత్రం ఒక డాలరు గుర్తు, తర్వాత వెనక్కి వాలిన గీతలు, మీసాల బ్రాకెట్లు, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు, మళ్ళీ ఒక డాలరు గుర్తు. లెక్కలు టైపు చేసేవాళ్ళ భాష అది. ఆ డాలరు గుర్తుల మధ్య ఉన్నదాన్ని చదివి, భిన్నాన్ని భిన్నంలా, వర్గమూలాన్ని వర్గమూలంలా గీసిపెట్టే ప్లగిన్ ఒకటి వేరే దొరుకుతుంది. అది తగిలించకపోతే పేజీ అంతా కోడి కెలికినట్టు ఉంటుంది.

తగిలించింది. మొదటిరోజు అదీ ఇదీ కొట్టుకున్నాయి. పేజీలు తయారుచేసే ప్రోగ్రామేమో అక్షరాల కింద ఉండే అడ్డగీతల్ని తన సొత్తనుకుని మింగేసి మాటల్ని ఇటాలిక్ అక్షరాల్లా పక్కకి వాల్చేసింది. ఆ గీతలు లేక ప్లగిన్ బిక్కమొహం వేసింది. అత్తా కోడళ్ళ తగువు తీర్చినట్టు ఇద్దరికీ సర్దిచెప్పి, డాలర్ల మధ్య సరుకు జోలికి వెళ్ళొద్దని మొదటిదానికి కట్టడి చేసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పుడు మళ్ళీ పేజీలన్నీ తయారుచేసి, మొదటి పాఠం తెరిచింది.

ఎంత అందంగా వచ్చిందో! సన్నగా, నల్లగా, అచ్చు పుస్తకంలో వేసినట్టు. అర్థం కాకపోయినా చూస్తూ కూర్చోవచ్చు అనిపించింది. ఆ పేజీ కిందకి దిగింది. ఇంకా కిందకి దిగింది.

ఒక పొడుగాటి లెక్క చివర, సమానం గుర్తు దాటి, కూడిక గుర్తు దాటి, ఎర్రటి అక్షరాల్లో ఒక మాట ఉంది.

తోక.

ఇంగ్లీషు అక్షరాలే. కానీ అది ఇంగ్లీషు మాట కాదు. చెల్లెలు గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఎవరూ లేరు. తలుపు దగ్గర ఆమె చెప్పులు, గోడకి లాడ్జి యజమాని ఇచ్చిన క్యాలెండరు, కిటికీలో ఎండ. వీపు మీద ఎవరో వేలితో రాసినట్టైంది.

ఎందుకంటే ఆ మాట ఆమె పేరు.

అసలు పేరు కాదు. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్ళిపోతే చెల్లెల్ని చూసుకోవడం అక్క వంతు. ట్యూషన్‌కి వెళ్ళినా, నీళ్ళకి వెళ్ళినా, స్నేహితురాలింటికి వెళ్ళినా ఈ పిల్ల అక్క జడ కొస పట్టుకుని వెనకాలే నడిచేది. ట్యూషన్‌లో బెంచీ కింద కూర్చుని అందరి చెప్పులూ జతలు మార్చేది. "మళ్ళీ తెచ్చావా నీ తోకని?" అని స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. అదే ఖాయమైంది. "ఒసేయ్ తోకా, నడువు." "తోకా, అన్నానికి రా." పెద్దయ్యాక, ఎవరి ఇళ్ళు వాళ్ళకి ఏర్పడ్డాక కూడా ఫోన్ ఎత్తగానే అక్క మొదట అనే మాట అదే. అమ్మ పోయింది. అక్క పోయింది. ఇంక ఆ పేరుతో పిలిచే మనిషి ఈ భూమ్మీద లేదు.

రెండో పాఠం తెరిచింది. ప్లస్ తోక. మూడోది. ప్లస్ తోక, దాని కింద ఇంకొకటి, ఆ పక్క పేజీలో ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ. నల్లటి లెక్కల చివర ఎర్రగా, పక్క గదిలోంచి పిలిచి పలక్కపోతే మళ్ళీ పిలిచినట్టు. కింద కంప్రెసర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక ల్యాప్‌టాప్ మూత దబుక్కున వేసేసి, మెట్లు దిగి, టైర్ల మధ్య నిలబడి కాసేపు ఎండ చూసింది.

పనితనం తెలిసిన మనిషి కాబట్టి కారణం తెలుసుకోడానికి ఎంతోసేపు పట్టలేదు. లెక్కలు టైపు చేసేవాళ్ళు తరచూ వాడే గుర్తులకి సొంతంగా ముద్దుపేర్లు పెట్టుకుంటారు. ఫలానా పేరు రాస్తే ఫలానా గుర్తు గీయి అని ఒకచోట చెప్పి ఉంచుకుంటే చాలు. అక్క అలా చెప్పి ఉంచినదంతా ఆవిడ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది, దానితోపాటే తుడిచిపెట్టుకుపోయింది. కొత్త ప్లగిన్‌కి ఆ పేరు తెలియదు. తెలియని పేరు ఎదురైతే దాన్ని ఎర్రగా రాసి చూపించడం దాని అలవాటు. అంతే సంగతి. దెయ్యమూ లేదు, భూతమూ లేదు.

అంతే సంగతి అని తెలిసినా మర్నాడు ఆ ఫైళ్ళు తెరవడానికి చెయ్యి రాలేదు. లాడ్జి వాళ్ళ గదుల ఫోటోలు మార్చింది. పళ్ళ డాక్టరు ఫోన్ నంబరు సరిచేసింది. ల్యాప్‌టాప్‌కి వీపు పెట్టి కూర్చోవడం మానేసింది. పక్కన నీళ్ళ సీసా కోసం వంగినా ఒక కన్ను తెర మీదే. వీధిలో నడుస్తుంటే ఎవరు ఎవర్ని పిలిచినా ఆగిపోయేది. కూరగాయల బండి దగ్గర ఒకావిడ కూతుర్ని కేకేస్తే తనే పలకబోయి నాలిక కరుచుకుంది.

నిజానికి ఆమెని పట్టి పీడిస్తున్నది ఆ తెర ఒక్కటే కాదు. అక్క పోయినరోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో పక్కన ఉన్నది తనే. రిపోర్టులు వచ్చాయి తెచ్చుకోమంటే కిందికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. తర్వాత నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మీరటు వెళ్ళగానే ఏదో అన్నారండీ. రెండుసార్లు అన్నారు. నీళ్ళు కావాలా అని అడిగితే కాదన్నట్టు తలూపారు. నాకు అర్థం కాలేదు," అంది. ఆ రెండుసార్లు అన్న మాట ఏమిటో అన్న ప్రశ్న చెల్లెలితోపాటే ఇంటికొచ్చింది. ఆమెతోపాటే తిన్నది, ఆమెతోపాటే పడుకుంది. ఇప్పుడు దానికి ఎర్రటి అక్షరాలు తోడయ్యాయి.

బావ ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎంతవరకు వచ్చింది? కాలేజీలో అడుగుతున్నారు. పరీక్షలట."

"చాలావరకు అయిపోయింది బావా. కొంచెం మిగిలింది."

"ఏనుగు వెళ్ళిపోయి తోక చిక్కుకున్నట్టుందన్నమాట," అని బావ నవ్వడానికి ప్రయత్నించాడు. తోక అన్న మాటకి చెల్లెలు ఫోన్ చెవికి దూరంగా జరిపింది. అటుపక్క బావకి కూడా ఏదో తట్టినట్టుంది, నవ్వు సగంలో ఆపేసి, "సరేలే, నీ వీలు చూసుకునే చెయ్యి," అని పెట్టేశాడు.

వాయిదా వేయడానికి ఇంక వీల్లేకపోయింది. ఆ పేరుకి ఏ గుర్తు గీయమని చెప్పాలో తనకి తెలియదు. తెలిసినవాళ్ళని అడగాలి. అక్కతో స్టాఫ్ రూములో ఒకే టేబుల్ పంచుకున్న ఫిజిక్స్ సార్ ఉన్నాడు. అంత్యక్రియల నాడు అందరూ వెళ్ళిపోయాక కూడా ఒక మూల కుర్చీలో కూర్చుండిపోయిన పెద్దమనిషి. ఆయనకి ఫోన్ చేస్తే, నేనే వస్తానమ్మా అన్నాడు.

వచ్చాడు. మెట్లెక్కి గుమ్మం పట్టుకుని రొప్పుతూ, "ఇవేం మెట్లమ్మా తల్లీ, తలప్రాణం తోకకొచ్చింది," అన్నాడు. చెల్లెలు మంచినీళ్ళు అందిస్తూ ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆయన గమనించలేదు. కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తుడుచుకుని, తెర మీదకి వంగాడు.

"ఓహో, ఇదా!" అని పకపకా నవ్వాడు. "ఇంటిగ్రేషన్ లెక్కలు కదమ్మా ఇవన్నీ. చివర ప్లస్ సి రాయాలి. పిల్లలు లెక్కంతా బ్రహ్మాండంగా చేసి అక్కడికొచ్చేసరికి మర్చిపోతారు. ఏటా అదే గోల. మీ అక్క దాన్ని ఊరికే రాసేది కాదు, చుట్టూ డబ్బా కట్టేది. 'తోక తెగితే మార్కు తెగుతుంది' అనేది క్లాసులో. క్లాసు గోడకి ఇవతల కూర్చుంటే నాకు రోజూ వినపడేది."

"సి అంటే ఏంటి సార్?"

"అదొక సంఖ్య. ఎంతో మనకి తెలీదు. లెక్కలో ఎక్కడా కనిపించదు. కానీ ఉందని ఒప్పుకుని తీరాలి. ఒప్పుకోకపోతే జవాబు తప్పు." ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "చివరిరోజుల్లో కూడా నాకు ఫోన్ చేసి పిల్లలు తోకలు పెడుతున్నారా అని అడిగిందమ్మా."

చెల్లెలు తెర మీద ఆ మాట చూపించింది. "దానికి తోక అని ఎందుకు పెట్టిందో ఎప్పుడైనా చెప్పిందా సార్?"

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆ ప్రశ్నలో అడగడానికి ఏముందో ఆయనకి అర్థం కాలేదు. "చివర వేలాడుతుంది కదమ్మా. అందుకే అయ్యుంటుంది. తోకంటే తోకే."

తన ముద్దుపేరు కూడా అదేనని చెల్లెలు ఆయనకి చెప్పలేదు. టీ తెప్పించింది. ఆయన తాగుతూ అక్క గురించి రెండు మూడు నవ్వు సంగతులు చెప్పి, రెయిలింగ్ పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తోకంటే తోకే కావచ్చు. ఒక లెక్చరరమ్మ లెక్క చివర వేలాడేదాన్ని చూసి తోక అనుకోవడానికి చెల్లెలు ఉండక్కర్లేదు. కానీ ఆ మాట టైపు చేసిన ప్రతిసారీ అక్కకి ఎవరు గుర్తొచ్చి ఉంటారు? జడ పట్టుకుని నడిచిన పిల్ల ఒక్కసారైనా కళ్ళముందు మెదిలి ఉండదా? లేక వేళ్ళకి అలవాటైపోయి ఏమీ గుర్తురాకుండానే కొట్టుకుంటూ పోయిందా? అడగడానికి మనిషి లేదు. ఎటు తిప్పినా ప్రశ్న తన దగ్గరికే వచ్చి ఆగింది.

ఆ సాయంత్రం ఒక్క వరస రాసింది. ఈ పేరు కనిపిస్తే డబ్బా కట్టిన సి గీయి. పేజీలు మళ్ళీ తయారుచేసింది. పాఠం తర్వాత పాఠం తెరిచి చూసింది. ఎరుపు పోయింది. ప్రతి లెక్క చివరా చిన్న డబ్బాలో సి, నల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది. అంతా అక్క ఉంచుకున్నట్టే ఉంది.

హాయిగా ఉండాల్సింది. కానీ ఇల్లు ఖాళీచేసి సామానంతా లారీకెక్కించాక చివరిసారి వెనక్కెళ్ళి చూసిన గదిలా అనిపించింది. ఇన్నాళ్ళూ ఆ పిలుపుకి భయపడింది. ఇప్పుడది ఆగిపోతే, ఆపింది తనే కాబట్టి, నోరు మూసినట్టనిపించింది. ఆ వరస తీసేద్దామా అని ఒకసారి చెయ్యి పోయింది కూడా. పరీక్షలు గుర్తొచ్చి ఆగింది. సైటు జనానికి విడుదల చేసి, బావకి, కాలేజీకి కబురు పెట్టింది.

పిల్లలు పాఠాల కోసం ఎగబడ్డారు. సైటు చెక్కుచెదరలేదు. ఎవరెవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు థాంక్స్ అని రాశారు. లాడ్జి యజమాని కూడా ఎక్కడో విని, "లెక్కలు కూడా కడతావా అమ్మా నువ్వు? మా బిల్లు పుస్తకం చూసిపెట్టకూడదూ," అన్నాడు. చెల్లెలు చాన్నాళ్ళకి నవ్వింది. ఇంక వదిలిపోయింది అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఎవరో విద్యార్థిని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "మేడమ్, చివరి పాఠంలో, చివరి లెక్క దగ్గర ఎర్రగా ఏదో వస్తోంది. అది జవాబులో భాగమేనా?"

చెల్లెలు ఆ పాఠం తెరిచింది. అక్క ఆసుపత్రిలో ఉండగా, మంచం మీద అన్నం పెట్టే బల్ల ముందుకు లాక్కుని రాసిన పాఠం అది. సగంలో ఆగిపోయింది కదా అని తను చివరిదాకా చూడలేదు. పేజీ అడుగున, ఒక లెక్క పూర్తయి, కూడిక గుర్తు దాటాక, ఎర్రగా ఉంది.

తోకా.

ఒక అక్షరం ఎక్కువ పడింది. చివర ఇంగ్లీషు 'ఎ' ఒకటికి బదులు రెండు. తను ప్లగిన్‌కి నేర్పిన పేరు తోక. ఇది దానికి తెలియని పేరు. అందుకే ఎర్రగా వదిలేసింది. దానికి ఇంతకంటే చెప్పుకోవాల్సిన కారణం లేదు. ఒక చేతికి సెలైను సూది, రెండో చేత్తో టైపు, వేలు ఒకసారి ఎక్కువ తగిలింది.

కానీ తోక అంటే వస్తువు. తోకా అంటే పిలుపు.

ఆమె మిగతా పాఠాలన్నీ వెతికించింది. ఎక్కడా, ఒక్కచోట కూడా, అక్క ఆ పేరు తప్పు కొట్టలేదు. తప్పులంటే పడని మనిషి. పెళ్ళి పిలుపు కార్డులో అచ్చుతప్పు చూసి పెన్నుతో దిద్ది పంచిన మనిషి. చెల్లెలు తెర ముందు అలా కూర్చుండిపోయింది. కింద ఎవరిదో టైరు టప్‌మని పేలితే కూడా కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళింది. అదే మెట్లు, అదే ఫినాయిల్ వాసన. ఆ వార్డులో ఆ నర్సు ఇంకా ఉంది. ట్రాలీ తోసుకుంటూ పోతుంటే చెల్లెలు అడ్డంపడి, అక్క మంచం ఎక్కడుండేదో, ఏ జబ్బో చెప్పి, "ఆ రోజు మా అక్క ఏదో అందని చెప్పారు మీరు. రెండుసార్లు అందని. అది... తోకా అన్న మాటా?" అని అడిగింది.

నర్సు ట్రాలీ ఆపింది. చెల్లెలి ముఖంలోకి చూసింది. గుర్తుతెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నిస్తోందని తెలుస్తోంది. ఆ తర్వాత ఆ మంచం మీదకి ఎంతమంది వచ్చారో, ఎంతమంది ఏమేం అన్నారో! కాసేపటికి ఆమె కళ్ళల్లోకి జాలి వచ్చింది.

"అయ్యుండొచ్చండీ," అంది మెల్లగా. "అవును, అలాంటిదే అన్నట్టున్నారు."

చెల్లెలికి అర్థమైంది. తను టోపీ అని అడిగినా, కాకి అని అడిగినా ఈ మంచి మనిషి ఇలాగే అవునంటుంది. చేతులు జోడించి బయటికొచ్చింది. బస్టాండు దాకా నడిచింది. అక్కడ బల్ల మీద కూర్చుని, పక్కన అరటిపండు తింటున్న ముసలాయన ఉలిక్కిపడేలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఏమీ అడక్కుండా ఇంకో పండు తీసి ఆమె పక్కన పెట్టాడు.

గదికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆ పేజీ తెరిచింది. ఎర్రటి మాట అక్కడే ఉంది. తను వెళ్ళి తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చున్నట్టే ఉంది. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని పైకే అంది.

"ఏంటక్కా? ఇక్కడే ఉన్నా. చెప్పు."

జవాబేమీ రాలేదు. వస్తుందని ఆమె అనుకోలేదు. కాసేపు ఆగింది, మర్యాదకి ఆగినట్టు. తర్వాత ఫైలు తెరిచి ఆ ఎక్కువ అక్షరం దగ్గరికి వెళ్ళింది. ఎక్కడో ఒక పిల్ల ఆ మాట జవాబులో భాగమేమోనని పుస్తకంలో ఎక్కించుకుంటే మార్కు పోతుంది. అక్క ఏది ఓర్చుకున్నా అది ఓర్చుకోదు. అక్షరం చెరిపింది. పేజీ తయారుచేసి పంపించింది. ఆ విద్యార్థినికి "సరిచేశామమ్మా, అక్కడ ప్లస్ సి ఉండాలి," అని రాసింది.

ఆ ఆదివారం బావ దగ్గరికి వెళ్ళింది. ఇల్లు మరీ శుభ్రంగా ఉంది, ఎవరూ కాపురం లేనట్టు. బావ టీ పెట్టాడు. పంచదార డబ్బా ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేక అల్మారాలన్నీ తెరిచాడు. ఇద్దరూ వంటింట్లోనే నిలబడి తాగారు. చెల్లెలు సైటు సంగతి, పిల్లల మెయిళ్ళ సంగతి చెప్పింది. చివరి పాఠంలో చిన్న తప్పు దొరికితే దిద్దానని మాత్రం, ఏ తప్పో చెప్పకుండా, పొడిగా చెప్పింది.

బావ కప్పు పక్కన పెట్టి జేబులోంచి ఫోన్ తీశాడు. "నాకు ఇంకా ఎర్రగానే ఉంది," అన్నాడు.

ఆమె తొంగిచూసింది. అదే పేజీ, అదే లెక్క. సైటు విడుదలైన రోజు తెరిచిన పేజీ. ఆయన దాన్ని మళ్ళీ మూయలేదు.

"పాత పేజీ బావా అది. రిఫ్రెష్ కొడితే సరైనది వస్తుంది."

"తెలుసు," అన్నాడు బావ. కొట్టలేదు. బొటనవేలు తెరకి తగలకుండా ఫోన్‌ని అంచుల దగ్గర పట్టుకున్నాడు. "తను అది టైపు చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకు లెక్కలేం తెలుసు? కానీ తెర మీద ఎర్రగా వస్తే తప్పని తెలుసు కదా. ఏదో తప్పు పడిందే, ఎర్రగా వచ్చింది, దిద్దు అన్నాను."

"ఏమంది?"

"నవ్వింది. 'ఉండనీ, అది చూసుకుంటుందిలే' అంది. ల్యాప్‌టాప్ మూసేసి పడుకుంది."

కుళాయి నుంచి చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. చెల్లెలు చెయ్యి చాపి కుళాయి గట్టిగా కట్టింది.

"అది అంటే ఎవరు బావా? కంప్యూటరా?"

బావ ఆమెవైపు చూశాడు. ఆ ఇంట్లో అక్క కంప్యూటర్నీ 'అది' అనే అనేది, చెల్లెల్నీ 'అది' అనే అనేది.

"నేను అడగలేదమ్మా," అన్నాడు. "తర్వాత అడగొచ్చు కదా అనుకున్నాను."

ఫోన్‌ని మెల్లగా గట్టు మీద పెట్టి ఛార్జింగు తగిలించాడు, తెర పైకి ఉండేలా. ఆ పేజీ అలా ఎన్నాళ్ళో నిలవదు. ఫోన్ తనంతట తానే ఏదో ఒకరోజు దాన్ని కొత్తగా తెచ్చుకుంటుంది. ఆ సంగతి చెల్లెలికి తెలుసు. చెప్పడానికి నోరు తెరిచి, కప్పులు రెండూ తీసుకుని కడగడానికి సింకు వైపు తిరిగింది.